ఎర్రరాళ్ళ గండిలో మూడు రాత్రులు

పిల్లలూ,

పోయిన నెల చీమల పుట్టల సంగతి చెప్పుకున్నాం. ఈ నెల కాస్త దూరం పోదాం. డేరా, దుప్పట్లు, వంటసామాను సర్దుకోండి. కాని బయలుదేరేముందు నాదొక ప్రశ్న.

మీరు కొండల మధ్య ఒక లోయలోకి చేరారనుకోండి. పొద్దు గుంకుతున్నది. డేరా వెయ్యటానికి మూడు చోట్లు కనిపించాయి. ఒకటి రాళ్ళు తేలిన మెట్ట. అక్కడ మేకు దిగదు, గాలి ఈడ్చి కొడుతున్నది. రెండోది పొదల మధ్య ఖాళీ నేల. అది నల్లగా పెచ్చు కట్టి ఉన్నది. మూడోది ఎండిపోయిన వాగు. మెత్తని ఇసక చాప పరిచినట్టు చదునుగా ఉన్నది. రెండు పక్కలా కొండలు గోడల్లా నిలబడి గాలిని ఆపుతున్నాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎక్కడ వేస్తారు?

నేను ముప్ఫయ్యేళ్ళకు పైగా బళ్ళో పాఠాలు చెప్పినవాణ్ణి గనక మీ జవాబు నాకు తెలుసు. పదిమందిలో తొమ్మండుగురు ఇసకలోనే వేస్తారు. పదోవాడి ఊరు ఏ వాగు ఒడ్డునో ఉండి ఉంటుంది. వాడు మాత్రం, "మాష్టారూ, ఎగువన వాన పడితేనో?" అంటాడు. వాడికి నూటికి నూరు మార్కులు వేసి, మిగిలినవాళ్ళకోసం సంగతి మొదలుపెడతాను.

అమెరికాలో యూటా అనే రాష్ట్రం ఉన్నది. మా అమ్మాయీ అల్లుడూ అక్కడ సాల్ట్ లేక్ సిటీలో ఉంటారు. నేను వాళ్ళ దగ్గిరికి పోయినప్పుడు, సెప్టెంబరు నెలలో, అందరం కలిసి కేపిటల్ రీఫ్ అనే జాతీయవనానికి వెళ్ళాం. కారులో నాలుగు గంటల ప్రయాణం. వనం అన్నమాటేగాని చెట్లు కొద్ది. ఎటు చూసినా రాయే. అదీ మామూలు రాయి కాదు. కుంకుమ రంగు, ఇటుక రంగు, కావి రంగు, మధ్యమధ్య తెల్లని గుమ్మటాలు. ఆ గుమ్మటాలు వాషింగ్టన్‌లోని వాళ్ళ చట్టసభ భవనం గుమ్మటంలాగా ఉంటాయని 'కేపిటల్' అన్నారు. 'రీఫ్' అంటే సముద్రంలో ఓడలకు అడ్డం వచ్చే రాతిగట్టు. నేలమీద రీఫ్ ఏమిటని అడుగుతారా? పూర్వం బళ్ళు కట్టుకుని వచ్చిన జనానికి ఈ కొండ అట్లాగే అడ్డం వచ్చింది మరి. అది ఒక పెద్ద ముడత. పరిచిన జంపఖానాను ఒక పక్కనుంచి తోస్తే మధ్యలో ముడత లేస్తుంది చూడండి, భూమి పైపొరలు అట్లా లేచాయి. ముడత పొడవు 160 కిలోమీటర్లు. దాన్ని దాటాలంటే వాగులు కోసిన సన్నని గండ్లే దారి. మన కడప జిల్లాలో గండికోట చూసినవాళ్ళకు గండి అంటే నేను వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ పెన్న చేసిన పనే ఇక్కడ చిన్న చిన్న వాగులు చేశాయి.

రాయికి ఆ ఎరుపు ఎక్కడిది? ఇనప మేకును వానలో పారేస్తే ఏమవుతుందో అదే. ఇసక రేణువులమీద ఇనుము తుప్పు పూతలాగా అంటుకుని ఉన్నది. మన ఎర్రచెలకల రంగూ ఆ ఇనుము పెట్టిన భిక్షే. ఇక ఆ రాయి అంతా ఒకప్పటి ఇసక, బురద. గుమ్మటాల తెల్లరాయి సుమారు 18 కోట్ల సంవత్సరాల క్రిందటి ఎడారి ఇసకదిబ్బలు గట్టిపడగా ఏర్పడింది. అప్పుడు భూమిమీద రాక్షసిబల్లులు తిరుగుతున్నాయి.

ఈ రాళ్ళ మధ్య, ఫ్రీమాంట్ నది ఒడ్డున, ఫ్రూటా అనే చోట మా విడిది. అది ప్రభుత్వం నడిపే డేరాల మైదానం. మొత్తం 71 చోట్లు. ఒక్కొక్క చోటికి ఒక నెంబరు. నెంబరుకో బల్ల, నిప్పు చేసుకోవటానికి ఇనప కట్టుతో ఒక పొయ్యి, డేరాకు చదును నేల. దీపాలు లేవు, కరెంటు లేదు. కుళాయీ, మరుగుదొడ్లూ అందరికీ ఉమ్మడి. స్నానాలగది బొత్తిగా లేదు. మూడు రోజులు స్నానం లేకుండా ఎట్లాగని నేను మొహం చిట్లిస్తే, మా మనవడు మాత్రం ఇంతకన్న మంచి ఊరు ప్రపంచంలో లేదన్నాడు. వాడికి పదకొండేళ్ళు.

నాకు నచ్చిన విషయం మరొకటి. మాకు ఎడమపక్క నెంబరులో బస్సంత బండి వేసుకుని వచ్చిన కుటుంబం దిగింది. కుడిపక్క ఒక కుర్రవాడు సైకిలుమీద వచ్చి జానెడు డేరా వేసుకున్నాడు. ఇద్దరికీ ఒకటే రకం బల్ల, ఒకటే రకం పొయ్యి. రాత్రి పది దాటితే ఇద్దరూ గొంతు తగ్గించవలసిందే. అడవిలో పుల్ల ఏరటానికి వీల్లేదు, కట్టెలు కొనుక్కుని రావాలి. ఈ రూలు చూసి మొదట నవ్వొచ్చింది గాని, ఏటా వచ్చే అన్ని వేలమందీ తలా ఒక మోపు ఏరుకుంటే ఆ ఎడారిలో ఒక్క పొద కూడా మిగలదు.

డేరాలచుట్టూ పళ్ళతోటలు. ఎడారిలో తోటలా అని నేనూ ఆశ్చర్యపోయాను. 1880 తరవాత మార్మన్ మతంవారు కొందరు ఇక్కడికి వచ్చి, నదినుంచి కాలవ తవ్వి చెర్రీ, జల్దారు, పీచ్, బేరి, ఆపిల్ చెట్లు నాటారు. ఏనాడూ పది కుటుంబాలకు మించని పల్లె. ఇప్పుడు ఆ పల్లె లేదు. చెట్లను మాత్రం వనంవారే సాకుతున్నారు. కోతకు తెరిచిన తోటలో పండు కోసుకుని అక్కడే తింటే డబ్బివ్వక్కర్లేదు. ఇంటికి తీసుకుపోతే తూచుకుని, పైకం మనమే డబ్బాలో వెయ్యాలి. అడిగేవాడు ఎవడూ లేడు. సాయంత్రం లేళ్ళు వచ్చి రాలినపళ్ళు తిని పోతాయి. వాటికి తూకం లేదు.

ఆ పల్లె బడి కూడా నిలిచే ఉన్నది. 1896లో దుంగలతో కట్టిన ఒంటిగది బడి. చదివే పిల్లలు తగ్గిపోయి 1941లో మూతపడింది. కిటికీలోంచి బల్లలూ నల్లబల్లా చూస్తూ నేను నిలబడితే మా అమ్మాయి, "నాన్నా, అక్కడ హాజరు వెయ్యటానికి ఎవరూ లేరు, రండి," అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

ఇక అసలు సంగతికి వస్తాను.

మూడోరోజు కేపిటల్ గార్జ్ అనే గండిలో నడవాలని మా ఏర్పాటు. ఆ గండి గోడలమీద 1871నుంచీ అటుగా పోయిన బాటసారులు చెక్కుకున్న పేర్లు ఉన్నాయి. 1962 దాకా మోటారు రోడ్డు కూడా ఆ వాగులోనుంచే పోయేది. వరద వచ్చినప్పుడల్లా రాళ్ళు తొలగించి మళ్ళీ బండి నడిపేవాళ్ళు. మా మనవడు చెప్పులు కట్టుకుని, నీళ్ళసీసా భుజాన వేసుకుని తయారయ్యాడు. దారిలో వనంవారి ఆఫీసు దగ్గిర ఒక బోర్డు ఉన్నది. ఆవేళ మెరుపువరద వచ్చే అవకాశం ఎంత అనేది దానిమీద రోజూ నాలుగు మెట్లలో రాస్తారు: రాదు, రావచ్చు, వచ్చేట్టున్నది, వస్తుంది. ఆరోజు మూడో మెట్టు.

మా మనవడు తలెత్తి చూశాడు. ఆకాశం ఉతికి ఆరేసినట్టున్నది.

"తాతయ్యా, వీళ్ళు ఆకాశం చూడకుండా రాశారు," అన్నాడు.

బోర్డు పక్కన నిలబడ్డ రేంజరమ్మకు వాడి మాట అర్థం కాకపోయినా మొహం చూసి సంగతి గ్రహించింది. పడమటివైపు చెయ్యి చూపింది. చాలా దూరాన, కొండల వెనక, చిన్న తెల్లమబ్బులు కాలీఫ్లవర్ పువ్వుల్లా లేస్తున్నాయి. "మీరు చూడవలసిన ఆకాశం అది," అన్నది. 

వాడు ఒప్పుకోలేదు. అంత దూరపు మబ్బు మనల్నేం చేస్తుందని కారులో గొణుగుతూనే ఉన్నాడు. కోప్పడి లాభం లేదు. డేరాకు తిరిగి వచ్చి, బల్లమీద కాయితం పెట్టి, వాడిచేత ఒక లెక్క చేయించాను. మీరూ పలక తీసుకోండి.

ఒక గండిలోకి పది చదరపు కిలోమీటర్ల కొండనుంచి నీళ్ళు దిగుతాయనుకుందాం. దానిమీద రెండున్నర సెంటీమీటర్ల వాన పడింది. అంటే ఒక్క జల్లు. ఎన్ని నీళ్ళు? 2,50,000 ఘనపు మీటర్లు. లీటర్లలో చెపితే 25 కోట్లు. అందులో సగం ఇసకలో ఇంకి, గుంటల్లో నిలిచిపోయిందనుకోండి. మిగిలింది 1,25,000 ఘనపు మీటర్లు. ఇది అరగంటలో గండిలోంచి పోవాలి. అరగంటకు 1800 సెకన్లు. భాగిస్తే సెకనుకు సుమారు 70 ఘనపు మీటర్లు, అంటే సెకనుకు 70 టన్నుల నీరు. గండి వెడల్పు 5 మీటర్లు, నీటి వేగం సెకనుకు 5 మీటర్లు అయితే, లోతు ఎంత ఉండాలి?

వాడు రెండుసార్లు చేశాడు. రెండుసార్లూ 2.8 మీటర్లే వచ్చింది. లేచి నిలబడి, చెయ్యి పైకెత్తి, తనకన్న ఎంత ఎత్తో చూసుకున్నాడు. మా అల్లుణ్ణి లేపి నిలబెట్టి చూశాడు. ఆయన కూడా మునిగాడు.

మన పొలాలమీద అదే వాన పడితే ఇట్లా పరిగెత్తదు. మట్టి తాగుతుంది, గడ్డి ఆపుతుంది, గట్టు నిలబెడుతుంది. అక్కడ అంతా బోడిరాయి. పెంకుటింటి కప్పుమీద పడ్డట్టే. ఏడాది మొత్తంమీద అక్కడ కురిసేది 20 సెంటీమీటర్లే. కరువుకు పేరుపడ్డ మన అనంతపురం జిల్లా వానలో సగం కూడా కాదు. కాని ఆ కొద్ది వానలో చాలాభాగం జూలైనుంచి సెప్టెంబరుదాకా ఉరుములతో, ఒకచోట కుమ్మరించినట్టు పడుతుంది. చిత్రమేమంటే ఆ వానలను వాళ్ళూ 'మాన్సూన్' అనే అంటారు. మన ఋతుపవనాలకు దూరపు చుట్టాలన్నమాట.

దూరాన పడ్డ వాన ఏం చేస్తుందో 1997 ఆగస్టు 12న లోకమంతా చూసింది. యూటాకు దక్షిణాన ఆరిజోనాలో, నవహో జాతివారి భూమిలో, ఆంటిలోప్ గండి అని ఉన్నది. మనిషి రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు కొన్నిచోట్ల. ఆరోజు యాత్రికులు లోపలికి దిగారు. అక్కడ వాన దాదాపు లేదు. 11 కిలోమీటర్ల ఎగువన మాత్రం ఉరుముల వాన కురిసింది. ఆ నీరు గండిలోకి వచ్చింది. 11 మంది చనిపోయారు. దిగటానికి వేసిన కొయ్య నిచ్చెనలు కూడా కొట్టుకుపోయాయి. ఇప్పుడక్కడ గోడలకు బిగించిన ఇనప మెట్లున్నాయి. దారి తెలిసిన నవహో మనిషి వెంట లేకుండా ఎవరినీ లోపలికి పోనివ్వరు.

ఇది మనవడికి చెప్పాలా వద్దా అని నేను కాస్త తటపటాయించాను. చెప్పాను. పదకొండేళ్ళవాడు వినదగిన విషయమే అది. మీకూ అందుకే చెప్పాను.

కదిలే నీటి బలం మనకు సాధారణంగా తెలియదు. 15 సెంటీమీటర్ల లోతున వడిగా పారే నీరు పెద్దమనిషి కాళ్ళు లాగేస్తుంది. అడుగు లోతు వస్తే చిన్న కారును తేల్చుకుపోతుంది. అందుచేత వాగు పొంగుతుంటే కారులోనైనా సరే, దాటగూడదు.

మధ్యాహ్నం రెండు గంటలు దాటింది. మా నెత్తిన ఎండ మండుతున్నది. పడమటి మబ్బులు పెరిగి, అడుగు నల్లబడి, కొండమీద బూడిదరంగు తెర దించినట్టయింది. ఇంకా కొంతసేపటికి నది వైపునుంచి ఒక వాసన వచ్చింది, కొత్త కుండలో నీళ్ళు పోసినప్పటి వాసన. మేం గట్టుమీదికి పోయి చూశాం. పొద్దున గలగల పారిన సన్నని ఏరు ఇటుకలబట్టీ దగ్గిర కలిపిన బురదలాగా ఎర్రగా వస్తున్నది. ముందు నురగ, పుల్లలు. ఆ వెనక దుంగలు. అడుగున రాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుని లోపల ఎవరో బండి తోలుతున్నట్టు చప్పుడు. మా మీద ఒక్క చుక్క పడలేదు. మా మనవడు చొక్కా తడిమి చూసుకున్నాడు, నమ్మకం కుదరక.

మా డేరాలూ నది పక్కనే గదా అంటారేమో. అక్కడ లోయ వెడల్పు. నీటికి పరుచుకోవటానికి చోటున్నది గనక గండిలోలాగా పైకి లేవదు. ఇరుకే ప్రమాదం. కేపిటల్ గార్జ్‌లో 2022 జూన్‌లో ఇట్లాంటి వరదే వచ్చి కార్లను ఈడ్చుకుపోయింది. అదృష్టవశాత్తు ప్రాణాలు పోలేదు.

ముందటిరోజు మేం రోడ్డు పక్కన ఒక రాతి గుడిసె చూశాం. 1882లో ఎలైజా బెహునిన్ అనే ఆయన తన కుటుంబంకోసం కట్టుకున్నది. ఒకటే గది, ఇంట్లో పదిమంది. అందరూ లోపల పట్టరు. తల్లీతండ్రీ, ఇద్దరు చిన్నపిల్లలూ గుడిసెలో పడుకునేవాళ్ళట. ఆడపిల్లలకు పాత బండి తొట్టే మంచం. పెద్దపిల్లలైన మగవాళ్ళు వెనక కొండలో ఉన్న తొర్రను తొలిచి, పెద్దది చేసుకుని, అందులో పడుకునేవాళ్ళు. నది ఒడ్డున మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించారు. కాని వాళ్ళు అక్కడ ఉన్నది ఏడాదే. వరద వచ్చి పంట ఊడ్చుకుపోయింది. సామాను బండికెత్తుకుని ఫ్రూటాకు వచ్చేశారు. ఆ గుడిసె చూసినప్పుడు మా మనవడికి కొండతొర్ర మంచమే నచ్చింది. వరద చూసిన తరవాత, "తాతయ్యా, ఆ పిల్లలు తొర్ర పైన తొలిచారా, కింద తొలిచారా?" అని అడిగాడు.

మొదట్లో అడిగిన మూడు చోట్లలో నల్ల పెచ్చు కట్టిన నేల సంగతి మిగిలిపోయింది. దానిమీద డేరా ఎందుకు వెయ్యగూడదు? ఆ పెచ్చు మట్టి కాదు, ప్రాణం. కంటికి కనపడని సూక్ష్మజీవులు దారాల్లాగా అల్లుకుని ఇసకను కుట్టేస్తాయి. వాటితోపాటు నాచూ, రాతిమీద పెరిగే శిలావల్కాలూ చేరుతాయి. అది వాన చినుకులను పట్టి ఉంచుతుంది, ఇసక గాలికి లేవకుండా ఆపుతుంది, మొక్కలకు ఎరువు తయారుచేస్తుంది. ఆ బోడిరాళ్ళ దేశంలో వరదను కాస్తయినా నెమ్మదింపజేసేది ఇట్లాంటి నేలే. ఒక్క బూటుకాలు పడితే పొడి అయిపోతుంది. మళ్ళీ మునుపటిలా పెరగటానికి పదులకొద్దీ ఏళ్ళు కావాలి. "దారి వదిలి నడవకండి" అని అడుగడుక్కూ రాసింది ఇందుకే. కాబట్టి గాలి కొట్టినా, మేకు వంగినా, రాళ్ళ మెట్టే మన చోటు. మేకు దిగకపోతే డేరా తాళ్ళను పెద్ద రాళ్ళకు కట్టుకోవచ్చు.

ఆ రాత్రి చలి వేసింది. గాలిలో తేమ లేదు గనక పగటి వేడిని పట్టి ఉంచే దుప్పటి లేదు. పొద్దు గూకగానే రాళ్ళు చల్లబడిపోతాయి. 2015లో ఈ వనాన్ని చీకటి ఆకాశం కాపాడే చోట్ల పట్టికలో చేర్చారు. పాలపుంత ఈ గోడనుంచి ఆ గోడదాకా పరుచుకున్నది. నది చప్పుడు అర్ధరాత్రికి తగ్గింది.

తెల్లవారి వరద తీసిపోయింది. గట్టు దిగువన తడి ఇసకమీద అలల గుర్తులు వరసలు వరసలుగా, దువ్వెనతో దువ్వినట్టు, మిగిలి ఉన్నాయి. మా మనవడు వాటిని చూసి పరుగున వచ్చి నన్ను పిలిచాడు. అచ్చం అట్లాంటి వరసలే వాడు రెండోరోజు ఒక ఎర్ర పలకరాయిమీద చూశాడు. ఆ రాయి 24 కోట్ల సంవత్సరాల నాటిది. అప్పుడక్కడ లోతులేని నీళ్ళూ బురదా ఉండేవి. వాడు బెత్త పెట్టి రెండు వరసల మధ్య దూరం కొలిచి, నోటుబుక్కులో రాసుకున్నాడు. రాయిమీద దూరం కూడా కొలవాలన్నాడు. కారు సర్దటం అయిపోయినా ఆగి, వాడు కొలిచిందాకా ఉండి బయలుదేరాం.

ఇక మీ లెక్క. మీ బడి ఆవరణ పొడవూ వెడల్పూ అడుగులతో కొలవండి. మీ అడుగు ఎన్ని సెంటీమీటర్లో ముందు చూసుకోండి. దానిమీద ఒక సెంటీమీటరు వాన పడితే ఎన్ని బిందెల నీళ్ళవుతాయి? బిందెకు 15 లీటర్లు వేసుకోండి. ఆ తరవాత, వాన పడ్డరోజు గొడుగు వేసుకుని పోయి, ఆ నీళ్ళు ఏ మూలనుంచి బయటికి పోతున్నాయో చూసి, బొమ్మ గీసి పంపండి.